తిరుగు తాంబూలం

నా కూతురు తన తల్లిని ఒక కుర్రాడికి ఇచ్చేసింది.

ఆ సంగతి ఒక ఆదివారం పొద్దున మా పెరట్లో తెలిసింది. ఆదివారం తలంటు మా ఇంట్లో తప్పదు. మిహిర పెద్దదయ్యాక తనే పోసుకుంటుంది. కుంకుడుకాయలు కొట్టి రసం తీయడం మాత్రం నా పని. గిన్నె అందిస్తూ, "చిక్కగా ఉంది, కళ్లలో పడేను. చిన్నప్పుడు మీ అమ్మతో పెట్టుకున్నట్టు నాతో పేచీ పెట్టుకోకు" అన్నాను.

"అమ్మ నాకు తలంటు పోసేదా?" అంది.

వేళాకోళం అనుకున్నాను. మొహం చూశాను. వేళాకోళం కాదు.

నా భార్య స్వర్ణలత డెంగీతో పోయేనాటికి మిహిర ఇంకా బడికి వెళ్లడం లేదు. తల్లి గురించి ఆ పిల్లకి గుర్తున్నది ఒక్కటే. కుంకుడు రసం కంట్లో పడింది. మంట. అమ్మ కొంగు ఉండలా చుట్టి, నోటితో ఊది, ఆ వెచ్చటి గుడ్డ కంటి మీద అద్దింది. అంతే. ఆ వెచ్చదనం గురించి చిన్నప్పుడు నాకు లెక్కలేనన్నిసార్లు చెప్పింది. బళ్లో చెప్పింది. నేను పంటు నడిపే రోజుల్లో రేవు దాటడానికి ఎక్కినవాళ్లకి కూడా చెప్పింది. ఫోన్లో స్వర్ణ ఫొటోలున్నాయి, వీడియోలున్నాయి. వాటిలో స్వర్ణ కెమెరా కోసం నవ్వుతుంది. కూతురి కోసం ఉన్నది ఆ ఒక్కటే.

"ఎవరికిచ్చావు?" అన్నాను.

గిన్నె గట్టు మీద పెట్టింది. "ఈశాన్‌కి" అంది.

"మనకి కుదరదని చెప్పి పోయినవాడికా?"

"అప్పటికి పోలేదుగా నాన్నా."

"ఏమిచ్చావో తెలుసా?"

"బరువైంది ఇచ్చానని తెలుసు. ఏంటో తెలీదు. నువ్వు చెప్పు."

చెప్పాను. శ్రద్ధగా విన్నది, పొరుగింటివాళ్ల సంగతి విన్నట్టు. చివర్న "పాపం" అంది. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

జ్ఞాపకాలు ఇచ్చిపుచ్చుకునే ఈ యంత్రాన్ని భీమవరంలో డాక్టర్ సుభాషిణి కనిపెట్టింది. ప్రేమించుకునేవాళ్ల కోసం కాదు. గోదావరి వరదలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు కన్ను మూస్తే అదే కనపడి బతకలేకపోతుంటే, ఆ జ్ఞాపకాన్ని వాళ్ల తలలోంచి తీయాలని మొదలుపెట్టింది. మనం ఒక సంగతిని గుర్తు చేసుకున్న ప్రతిసారీ అది తడిసిన మట్టిలా మెత్తబడి, కాసేపటికి మళ్లీ గట్టిపడుతుందట. మెత్తగా ఉండగా పట్టుకుంటే కదులుతుంది. అయితే గాలిలో నిలవదు. ఇంకో తలలో దించాలి. దింపితే అక్కడ గట్టిపడుతుంది. ఇక్కడ మిగలదు. నకలు ఉండదు. వరదలో నష్టపోయినవాళ్ల బరువు మోయడానికి అన్నలు, తమ్ముళ్లు, మేనమామలు ముందుకొచ్చారు. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత అది కుర్రకారు చేతిలో పడింది. నచ్చినవాళ్ల కోసం ఒక జ్ఞాపకాన్ని శాశ్వతంగా వదులుకుంటేనే ప్రేమ అన్నారు. దానికి అప్పగింత అని పేరు పెట్టారు. ఊరూరా కేంద్రాలు తెరిచారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టోపీలు పెట్టుకుంటారు. అతనిది ఆమెకి, ఆమెది అతనికి. ఉంగరాలు మూలపడ్డాయి. తేలికది ఇస్తే నామర్దా. ఉన్నవాటిలో బరువైంది ఇవ్వాలి.

మా అమ్మ పెళ్లిచూపుల్లో తలెత్తలేదు. మా నాన్న పాదాలు మాత్రం చూసింది. నేను నరసాపురం రేవులో పంటు నడిపేవాణ్ణి. స్వర్ణ రోజూ సఖినేటిపల్లి నుంచి నర్సు ట్రైనింగ్‌కి నా పంటు మీదే గోదావరి దాటేది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడేవి. జవాబు వచ్చేది కాదు. ఆ టిక్కులు చూసి అన్నం మానేసిన రోజులున్నాయి. ఈ కథ చెబితే మిహిర నవ్వేది. "ఇంత చిన్నదానికా నాన్నా?" అనేది.

మా అమ్మకి ఎనభై దాటాయి. చెవులు బాగా పనిచేస్తాయి. పెరట్లో మా మాటలన్నీ విని, "మేం కాళ్లు సూసి చేసుకున్నాం. నువ్వు ఫోను సూసి చేసుకున్నావు. వీళ్లు బుర్ర ఇప్పి సూపించుకుంటన్నారు. చేసుకునేది మాత్రం అందరూ గుడ్డిగానే" అంది.

బదులుగా ఈశాన్ నీకేమిచ్చాడని మిహిరని అడిగాను.

"ఒక క్రికెట్ మ్యాచ్" అంది.

పాలకొల్లులో వాళ్ల ఇంటి ముందు గదిలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. నేను వెళ్లేసరికి ఈశాన్ తల్లి ఉదయభాను జాకెట్టు గుడ్డలు కొలిచి చింపుతోంది. భర్త ఆవిణ్ణి, పిల్లాణ్ణి వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆ మనిషి ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో ఉండనివ్వలేదని మిహిర అదివరకు చెప్పింది. నేను వచ్చిన పని చెప్పాను.

"అన్నయ్యగారూ, ఇచ్చింది ఇచ్చినట్టే" అంది ఉదయభాను, గుడ్డ మీంచి తలెత్తకుండా. "ఉంగరమైతే తీసి మీ చేతిలో పెట్టేదాన్ని. తలకాయ కోసిమ్మంటారా?"

"కొయ్యక్కర్లేదు. భీమవరంలో డాక్టర్ గారి ల్యాబ్‌కి పంపండి చాలు."

"మావాడిది మీ అమ్మాయి దగ్గర లేదా? మేం అడిగామా?"

"క్రికెట్ మ్యాచ్ అడగడానికి ఎవరొస్తారమ్మా?"

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది. ఇంతలో లోపలి నుంచి కుర్రాడు వచ్చాడు. బక్కపలచగా ఉంటాడు. "అంకుల్" అన్నాడు. ఆ పిలుపు నాకు గిట్టదు.

"ఇవ్వనని కాదంకుల్. ఆవిడ అలా కంటి మీద గుడ్డ పెడితే నాకు నిద్ర పడుతుంది. లేకపోతే పట్టదు."

"ఆవిడ నా భార్య" అన్నాను.

కుర్రాడి మొహం ఎర్రబడింది. మర్నాడు భీమవరం వస్తానన్నాడు. సిగ్గుతో ఒప్పుకున్నాడు. సిగ్గుతో ఒప్పుకున్న పని ఎలా ఉంటుందో మర్నాడు చూశాను.

ల్యాబ్‌లో ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి టోపీలు పెట్టారు. ఎదురుగా తెర. దాని మీద ఒక పసుపు మచ్చ వెలిగితే జ్ఞాపకం మెత్తబడినట్టు. ఈశాన్ కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. మచ్చ వెలిగింది. కదలలేదు. మళ్లీ ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. మచ్చ వెలిగింది, ఆరిపోయింది. మిహిర వైపు తెర ఖాళీగానే ఉంది.

డాక్టర్ సుభాషిణి టోపీలు తీసేసింది. జుట్టు కురచగా కత్తిరించుకున్న పెద్దావిడ. సరిగ్గా నిద్రపోయి చాలా కాలమైనట్టుంది.

"ప్రతిసారీ ఇదేనండీ" అంది నాతో. "విడిపోయినవాళ్లు లాయర్లని తీసుకుని వస్తారు. ఇచ్చేస్తామని సంతకాలు పెడతారు. సంతకం చెయ్యి పెడుతుంది. బుర్ర వదలదు. ఇంతవరకు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు."

"మా అమ్మాయి ఇచ్చేటప్పుడు కదిలింది కదా?"

"అప్పుడు ప్రేమతో ఇచ్చింది. ఇప్పుడు ఈ అబ్బాయి దేంతో ఇస్తాడు?"

కుర్రాడు తీసేసిన టోపీ వంక చూశాడు.

"ఎక్కువకాలం ఆగడానికి కూడా లేదు" అంది డాక్టర్. "వచ్చిన జ్ఞాపకం ఉన్నచోట వేళ్లు తన్నుకుంటుంది. మెల్లగా మీ ఆవిడ మొహం పోయి వీళ్లమ్మగారి మొహం వస్తుంది. అప్పుడిక తిరిగివ్వడానికి ఏమీ మిగలదు."

ఈశాన్ తలొంచుకున్నాడు. "చీర రంగు అప్పుడే మారిపోయింది" అన్నాడు.

మిహిర లేచి కిటికీ దగ్గరకి వెళ్లింది. పోయిందేమిటో ఆ పిల్లకి తెలీదు. పోతోందని మాత్రం అర్థమయింది. అటు తిరిగి ఏడ్చింది.

"మీరు దీన్ని కనిపెట్టినప్పుడు వెనక్కి రావడం సంగతి ఆలోచించలేదా?" అన్నాను డాక్టర్‌తో.

"ఇవ్వడం గురించే ఆలోచించాను."

"తప్పు మీదే."

"అవునండీ" అంది.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. జరిగింది చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నది.

"తిరుగు తాంబూలం ఎట్టలేదా?" అంది.

"అంటే?"

"సంబంధం చెడితే ఇచ్చినయ్యి ఊరికే లాక్కుపోర్రా. మీ నాన్న కంటే ముందు నాకు మొగల్తూరు సంబంధం కుదిరి చెడింది. తెల్దా నీకు?"

తెలీదు. ఇన్నేళ్లకి చెబుతోంది.

"ఆళ్లు మేం పెట్టిన బట్టలు పళ్లెంలో పట్టుకొచ్చారు. ఆళ్లు నాకెట్టిన చీర మా అమ్మ ఇంకో పళ్లెంలో ఎట్టింది. మా నాన్న చాప ఏశాడు. రెండేపులోళ్లూ ఎదురెదురు కూకున్నారు. ముందు భోజనం. తిన్నాకే ఇచ్చుకోవాలి. ఇచ్చేటప్పుడు ఆ వస్తువు మంచి చెప్పాలి. మంచి చెప్పకుండా ఇస్తే అది ఇవ్వడం కాదు, ఇసిరెయ్యడం. ఆ పిల్లాడి తల్లి ఏవందో తెలుసా? ‘మీరెట్టిన పంచె మావాడు ఒక్కసారే కట్టాడొదినా, ఆ పూట మా ఇంట్లో దొరబాబు తిరిగినట్టుంది’ అంది. మా అమ్మ కళ్లనీళ్లెట్టుకుంది. తరవాత సంతలో ఎదురుపడ్డా మేం తల తిప్పుకోలేదు, ఆళ్లూ తిప్పుకోలేదు."

"ఇప్పుడు వాడికి నేను అన్నం పెట్టాలా?"

"వండేది నేను. నువ్వు వడ్డించు."

"వాడు నా కూతుర్ని వద్దన్నాడమ్మా."

"అన్నాడు. అయితే? దానికి తల్లి కావాలా, నీకు నీ పొగరు కావాలా?"

నేను క్షమించే మనిషిని కాను. స్వర్ణది మామూలు జ్వరమేనని మాత్రలిచ్చి పంపేసిన డాక్టర్‌ని ఈ రోజుకీ క్షమించలేదు. లోపలికి వెళ్లి ఫోన్ తీసి పాలకొల్లుకి చేశాను.

ఉదయభాను వస్తుందనుకోలేదు. వచ్చింది, కొడుకుని ఒంటరిగా మా మీదకి వదలడం ఇష్టం లేక. ల్యాబ్ నేల మీద చాప పరిచాం. క్యారియర్లు విప్పగానే గదంతా చేపల పులుసు వాసన.

"అమ్మా, ఇది ల్యాబ్ అండీ" అంది డాక్టర్ సుభాషిణి. "ఇక్కడ పులుసేంటి?"

"ఇన్నాళ్లూ నీ మిషను పస్తుండి పన్జేసిందా?" అంది మా అమ్మ.

"చెయ్యలేదండీ."

"మరింకేంటి? కూకో. నీక్కూడా ఇస్తరేశాను."

డాక్టర్ కూర్చుంది. ఒక వైపు మిహిర, మా అమ్మ. ఎదురుగా ఈశాన్, ఉదయభాను. నేను వడ్డించాను. ఈశాన్ విస్తరి దగ్గరకి వచ్చాను. కోపంతోనే. అన్నం పెట్టాను. పులుసు పోశాను. చేప నడుం ముక్క వేశాను. వాణ్ణి క్షమించలేదు. నడుం ముక్క వేశాను.

మొదట అందరూ విస్తళ్లలోకి చూస్తూ తిన్నారు. తర్వాత పులుసు కారంగా ఉందని ఉదయభాను అంది. మీ పాలకొల్లోళ్ల పులుసులో పంచదార ఏస్తారని మా అమ్మ అంది. మేమెప్పుడూ వెయ్యలేదని ఆవిడ. నేను తిన్నానని ఈవిడ. డాక్టర్ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

తినడం అవుతుండగా మా అమ్మ, "అబ్బాయ్, నువ్వు పుచ్చుకున్నదాని మంచి చెప్పు" అంది.

ఈశాన్ విస్తట్లో మెతుకులు ఏరాడు. "వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

"అంతేనా?"

"అంతేనండి."

"సాల్లేదు. సరే, అమ్మడూ, నువ్వు చెప్పు."

క్రికెట్ మ్యాచ్‌లో చెప్పడానికి ఏముంటుంది అనుకున్నాను. మిహిర కూడా ఇబ్బందిగా కదిలింది.

"సిక్సర్ కొట్టావు. బాగా కొట్టావు" అంది.

ఈశాన్ చిన్నగా నవ్వాడు. "మ్యాచ్ అని నువ్వు చెబితేనే తెలిసింది నాకు. తేలికది ఇచ్చినట్టున్నాను. సిగ్గుగానే ఉంది."

"కొట్టాక నువ్వు బంతి ఎటుపోయిందో చూడవు" అంది మిహిర. గొంతు మారింది. ఇప్పుడది ఆ పిల్ల కళ్ల ముందు ఉంది. "నీ టీమ్ అరుస్తుంటే వాళ్ల వైపూ చూడవు. ఫెన్సింగ్ వైపు చూస్తావు. వాన పడుతుంటుంది. ఫెన్సింగ్ అవతల ఒకాయన గొడుగేసుకుని నిలబడి ఉంటారు. లోపలికి రారు. నువ్వు ఆయన కోసమే కొట్టావు. నాకు గుండెల్లో తెలుస్తుంది ఈశాన్. ఎవరో తెలీదు. మీ కోచ్ అనుకున్నాను."

ఉదయభాను చెయ్యి మంచినీళ్ల గ్లాసు మీద ఆగిపోయింది.

"గొడుగు నల్లదా?" అంది.

"కాదండీ, ఆకుపచ్చది. ఒక ఊచ విరిగి వేలాడుతుంటుంది. ఎడం చేత్తో పట్టుకున్నారు."

"ఎడంచేతి వాటమే" అంది ఉదయభాను. "ఆ గొడుగు కొన్నది నేను. ఊచ విరగ్గొట్టిందీ నేనే, ఆయన మీద విసిరి."

ఈశాన్ తల్లి వైపు తిరిగాడు. "ఎవరమ్మా?"

"మీ నాన్న."

"పోయాక ఒక్కసారి కూడా రాలేదన్నావు."

"వచ్చాడని నాకూ తెలీదురా. నువ్వు నాకు చెప్పలేదు."

నేను గరిటె కింద పెట్టాను. వాడు తేలికది ఇవ్వలేదు. ఉన్నదాంట్లో అన్నిటికంటే బరువైందే ఇచ్చాడు. ఇచ్చిన క్షణం నుంచి దాని బరువు వాడికే తెలీదు. ఈ అప్పగింతలో ఉన్న మోసం అదే. ఏం పోయిందో పోగొట్టుకున్నవాడికి తెలీదు. పుచ్చుకున్నవాళ్లకి దాని వెనక కథ తెలీదు. ఇద్దరూ ఎదురెదురు కూర్చుని చెప్పుకుంటే తప్ప అది ఏమిటో ఎవరికీ తెలీదు. కోర్టు కాగితాల మీద అది రాయరు.

"అది నాకు కావాలి" అన్నాడు ఈశాన్.

"ఇస్తాను" అంది మిహిర. "పాడు చెయ్యలేదు. వాన పడ్డప్పుడల్లా తీసి చూసుకునేదాన్ని."

కుర్రాడు ఆ పిల్ల మొహంలోకి సూటిగా చూశాడు. విడిపోయాక అదే మొదటిసారి అనుకుంటాను. తర్వాత, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మీ అమ్మగారి చేతికి నిమ్మకాయ వాసన ఉంటుంది. ముందు కుడి కన్ను అద్దుతారు. నువ్వు ఎడం కన్ను కూడా చూపిస్తావు. అది మండట్లేదు. ఊరికే, అదీ అద్దాలని. ఆవిడకి తెలుసు. తెలిసే అద్దుతారు."

చేపలు కడిగాక స్వర్ణ నిమ్మచెక్క రుద్దుకునేది. ఆ సంగతి నేను మర్చిపోయాను. వాడు చెప్పాడు.

డాక్టర్ విస్తరి ముందు నుంచి లేచి నిలబడింది. "ఇప్పుడు కూర్చోండి. చేతులు తర్వాత కడుక్కోవచ్చు. ఇప్పుడే."

పులుసు చేతులతోనే ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. టోపీలు పెట్టారు. కళ్లు మూసుకున్నారు. ఈశాన్ వైపు మచ్చ వెలిగింది. వెలిగినది ఆగలేదు. కదిలింది. తెర మధ్య గీత దాటి, గోదావరి మీద పంటు వెళ్లినట్టు తొణక్కుండా అటువైపు వెళ్లింది. అటు నుంచి ఇంకొకటి ఇటు వచ్చింది. రెండూ ఒడ్డెక్కి గట్టిపడ్డాయి.

డాక్టర్ సుభాషిణి తెర మీద చెయ్యి వేసి తడిమింది. "వచ్చింది" అంది. "వెనక్కి వచ్చింది." చాప మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఈశాన్ రెండు చేతుల్లో మొహం దాచుకుని "వచ్చాడమ్మా, నాన్న వచ్చాడు" అంటున్నాడు. ఉదయభాను వాడి తల నిమురుతోంది.

"తాంబూలాలు ఇవ్వరేం?" అంది మా అమ్మ. "నేను చెప్తే తప్ప కదలరా ఒక్కళ్లూ?"

ఇవాళ ఆ ల్యాబ్‌లో వంటగది ఉంది. గోడకి చుట్టిన చాపలున్నాయి. విడిపోయినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా వచ్చి కూర్చుంటారు, తిని, ఒకరిది ఒకరికి చెప్పి, తమది తాము తీసుకుని వెళతారు. డాక్టర్ పులుసు పెట్టడం నేర్చుకుంది. ఉప్పు ఎక్కువేస్తుంది. తిరుగు తాంబూలానికి వీలు చూపించని ఏ కేంద్రమూ అప్పగింత చేయకూడదని చట్టం వచ్చింది. కుర్రకారు కూడా ఇప్పుడు ఇవ్వబోయేదేమిటో ముందు ఇంట్లో కూర్చుని చెప్పి మరీ ఇస్తున్నారు. చెప్పడం మొదలుపెట్టాక సగంమంది ఇవ్వడం మానుకుంటున్నారు. చెప్పుకోవడమే చాలంటున్నారు. మా అమ్మ గెలిచింది. దాన్ని ఆవిడ గెలుపు అనుకోవడం లేదు, జనానికి ఆలస్యంగా బుద్ధొచ్చింది అంటుంది.

ఈశాన్ తన తండ్రిని వెతుక్కుంటూ వెళ్లాడని విన్నాను. దొరికాడో లేదో అడగలేదు. వాడు నా కూతుర్ని వద్దన్నాడు. ఆ లెక్క అలాగే ఉంది.

ఆ రోజు ల్యాబ్‌లో మిహిర మాత్రం కళ్లు తెరవలేదు. టోపీ తీసేశాక కూడా అలాగే కూర్చుంది. రాలేదేమో అనుకున్నాను. దగ్గరకి వెళ్లి వంగాను.

"నాన్నా" అంది కళ్లు మూసుకునే. "అమ్మ నిన్ను తిడుతోంది."

"నన్నా?"

"నిన్నే. నీళ్లు మరీ కాగబెట్టావని. ‘పంటుకి డీజిల్ పోసినట్టు పొయ్యిలో కట్టెలు పోశాడు ఈ మనిషి, పిల్ల తోలు ఊడొస్తది’ అంటోంది. నువ్వు తడిక అవతల నిలబడి పెద్దగా నవ్వుతున్నావు."

ఇది ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు ఆ వెచ్చదనం ఒక్కటే చెప్పేది. మిగతాది నేను అడగలేదు.

"కోపంగా ఉందా మీ అమ్మ?"

"కోపం కాదు. నవ్వొచ్చేస్తోంది అమ్మకి. నువ్వు చూస్తావని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగే తీసి నా కంటి మీద పెట్టింది." మిహిర వేళ్లు తన రెప్పలు తాకాయి. "అందుకే అంత వెచ్చగా ఉంది నాన్నా."

నా పక్కన ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మళ్లీ చెప్పు" అన్నాను. "ఆ తిట్టు దగ్గర్నుంచి."